లావు... నోటి తప్పేనా? ఓ చిట్టెలుక చెప్పిన జవాబు

బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా చర్చే. వాడొచ్చా, వద్దా అని అడిగేముందు అసలు మన శరీరం ఆకలిని ఎలా లెక్కగడుతుందో తెలుసుకోవాలి. ఆ లెక్క బయటపడింది మనిషిలో కాదు, ఓ చిట్టెలుకలో.

పోయిన నెల ఓపీలో ఓ తల్లి తన ఫోన్ తెరిచి నా బల్ల మీద పెట్టారు. ‘డాక్టర్ గారూ, ఎలుకల్లో కొవ్వు కరిగించే జన్యువు దొరికిందట. వాట్సాప్‌లో వచ్చింది. మా వాడికి ఆ ఇంజెక్షన్ రాసిస్తారా?’ అన్నారు. పక్కనే పదమూడేళ్ల అబ్బాయి తల దించుకుని కూర్చున్నాడు. బరువు 78 కిలోలు. వెనకాల నిలబడ్డ తండ్రి అందుకున్నారు: ‘ఇంజెక్షన్ ఎందుకండీ? వీడికి నోరు కట్టుకోవడం తెలీదు. అంతే.’

ఆ మాట అన్నప్పుడు అబ్బాయి ముఖం చూశాను. ఎన్నోసార్లు విన్న మాటే అని తెలిసిపోతోంది. నిజం చెప్పాలంటే, వైద్యవృత్తిలోకి వచ్చిన కొత్తలో నేనూ అదే మాట ఎంతోమంది పేషెంట్లతో అన్నాను. ‘నోరు కట్టుకోండి, బరువు అదే తగ్గుతుంది’ అని. అది సగం నిజమే. మిగతా సగం ఏమిటో ఈ వారం చెప్పుకుందాం.

ఇప్పుడే ఎందుకంటే...

2025 మార్చిలో టిర్జెపటైడ్, అదే ఏడాది జూన్‌లో బరువు తగ్గడానికి వాడే మోతాదు సెమాగ్లూటైడ్ మన దేశ మార్కెట్లోకి వచ్చాయి. 2026 మార్చితో సెమాగ్లూటైడ్ పేటెంట్ గడువు తీరడంతో దేశీయ కంపెనీలకూ దారి తెరుచుకుంది. నిన్నటిదాకా సినిమావాళ్ల కబుర్లలో వినబడిన పేర్లు ఇవాళ అపార్ట్‌మెంట్ లిఫ్టుల్లో వినబడుతున్నాయి.

అవసరం లేదని కాదు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం మహిళలు, 31.1 శాతం పురుషులు అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. తెలంగాణలో మహిళలు 30.1 శాతం, పురుషులు 32.3 శాతం. దేశం మొత్తమ్మీద మహిళల సగటు 24 శాతమే. అంటే ఈ విషయంలో మన రెండు రాష్ట్రాలూ దేశం కన్నా ముందున్నాయి. ముందుండకూడని చోట!

మూడుమందిలో ఒకరికి ఉన్న సమస్యను ‘నోటి తప్పు’ అని సరిపెట్టుకుంటే, మూడోవంతు జనానికి ఒక్కసారిగా నిగ్రహం పోయిందని అనుకోవాలి. అది నమ్మదగ్గ మాటేనా?

లావు చిట్టెలుక పుట్టింది

1949లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రం, బార్ హార్బర్‌లో ఉన్న జాక్సన్ లేబొరేటరీలో ఓ వింత కనబడింది. అక్కడ పరిశోధనల కోసం చిట్టెలుకల్ని పెంచుతారు. ఓ కాన్పులోని పిల్లలు కొన్ని మామూలు వాటికన్నా బాగా లావెక్కాయి. ఆగకుండా తినేవి, కదిలేవి కావు, పిల్లల్ని కనలేకపోయేవి. ఇలాంటివి మామూలు చిట్టెలుకకు దాదాపు మూడు రెట్ల బరువు తూగుతాయి. ఒకే ఒక్క జన్యువులో లోపం వల్లే ఇలా జరుగుతోందని పెంపకపు లెక్కలను బట్టి తేలింది. ఆ జన్యువుకు ‘ఓబీ’ అని పేరు పెట్టారు. ఒబేసిటీకి పొట్టిపేరు.

1960ల్లో అదే ల్యాబ్‌లో ఇంకో రకం బయటపడింది. ఇవీ అలాగే లావు, పైగా తీవ్రమైన మధుమేహం. ఆ జన్యువుకు ‘డీబీ’ అని పేరు. డయాబెటిస్ అన్నమాట. చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నా లోపం వేర్వేరు జన్యువుల్లో ఉంది.

ఈ ముడి విప్పినవారు డగ్లస్ కోల్‌మన్. ఆయన రెండేసి చిట్టెలుకల్ని శస్త్రచికిత్సతో పక్కపక్కన కలిపి కుట్టి, ఒకదాని రక్తం రెండోదానిలోకి కొంత ప్రవహించేలా చేశారు. వినడానికి కష్టంగానే ఉంటుంది. కానీ ఫలితం చూడండి.

డీబీ చిట్టెలుకతో కలిపిన మామూలు చిట్టెలుక తిండి మానేసి చనిపోయింది. డీబీతో కలిపిన ఓబీ చిట్టెలుకదీ అదే గతి. కానీ ఓబీని మామూలు చిట్టెలుకతో కలిపితే, ఓబీ తిండి తగ్గించింది, బరువు పెరగడమూ తగ్గింది.

ట్యాంకు, అలారం

మీ ఇంటి మేడ మీద నీళ్ల ట్యాంకును గుర్తు తెచ్చుకోండి. చాలా ఇళ్లలో ఇప్పుడు అలారం పెట్టించుకుంటున్నారు. ట్యాంకు నిండగానే ‘నీళ్లు నిండాయి, మోటారు ఆపండి’ అని అరుస్తుంది. ఎవరో ఒకరు లేచి స్విచ్ ఆపేస్తారు.

ఓబీ చిట్టెలుక ఇంట్లో అలారమే లేదు. ట్యాంకు పొర్లుతున్నా మోటారు ఆగదు. డీబీ చిట్టెలుక ఇంట్లో అలారం ఉంది, గట్టిగా మోగుతోంది కూడా. ఇంట్లోవాళ్లకే చెవుడు. అందుకే ఆ రెండింటినీ కలిపినప్పుడు, డీబీ ఇంట్లో మోగుతున్న అలారం చెవులు బాగున్న ఓబీకి వినబడింది. ‘నిండింది, నిండింది’ అన్న కేక ఆగకుండా వినబడేసరికి అది తినడమే మానేసింది.

అంటే కడుపు నిండిందో లేదో కాదు, ఒంట్లో కొవ్వు నిల్వ ఎంత ఉందో మెదడుకు చెప్పే కబురు ఏదో రక్తంలో తిరుగుతోంది. ఓబీ జన్యువు ఆ కబురు తయారుచేస్తుంది. డీబీ జన్యువు ఆ కబురు వినే చెవిని తయారుచేస్తుంది. కోల్‌మన్ చెప్పింది ఇదే. కానీ ఆ పదార్థం ఏమిటో పట్టుకోవడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది.

1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ఓబీ జన్యువును పట్టుకుంది. అది కొవ్వు కణాల్లో పనిచేసే జన్యువు. అది తయారుచేసే ప్రొటీనుకు ‘లెప్టిన్’ అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో ‘లెప్టోస్’ అంటే సన్నని అని అర్థం. చిట్టెలుక లెప్టిన్‌కూ మనిషి లెప్టిన్‌కూ 84 శాతం పోలిక ఉంది. మరుసటి ఏడాదే చెవి కూడా దొరికింది. డీబీ జన్యువు తయారుచేసేది లెప్టిన్ రిసెప్టర్‌నే అని తేలింది. ఈ పనికి కోల్‌మన్, ఫ్రీడ్‌మన్ ఇద్దరికీ 2010లో లాస్కర్ పురస్కారం దక్కింది.

కణం లోపల ఏం జరుగుతుంది?

కొవ్వు కణాల నుంచి బయల్దేరిన లెప్టిన్ రక్తంలో ప్రయాణించి మెదడు అడుగుభాగంలోని హైపోథాలమస్‌కు చేరుతుంది. అక్కడి నరాల కణాల గోడ మీద లెప్టిన్ రిసెప్టర్లుంటాయి. తాళంలో తాళంచెవి పడ్డట్టు లెప్టిన్ అందులో అమరగానే గోడకు లోపలివైపు ఉన్న జాక్2 అనే ఎంజైము మేల్కొంటుంది. అది స్టాట్3 అనే మరో ప్రొటీనును తట్టి లేపుతుంది. స్టాట్3 కణకేంద్రకంలోకి వెళ్లి కొన్ని జన్యువులను పనిలోకి దింపుతుంది. ఫలితం: ఆకలిని అణిచే కణాలు చురుకవుతాయి, ఆకలిని రేపే కణాలు మందగిస్తాయి.

ఇక్కడే ఓ మెలిక ఉంది. స్టాట్3 లేపే జన్యువుల్లో సాక్స్3 అనేది ఒకటి. దాని పని ఈ కబురుకే బ్రేకు వేయడం. కబురు మరీ ఎక్కువైతే కణం తనంతట తాను వినికిడి తగ్గించుకునే ఏర్పాటు ఇది. ఈ బ్రేకును గుర్తుపెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఆశ... ఆపై నిరాశ

లెప్టిన్ దొరికిందన్న వార్త రాగానే ప్రపంచమంతా ఊబకాయానికి మందు దొరికిందనుకుంది. ఓ పెద్ద మందుల కంపెనీ 2 కోట్ల డాలర్లు చెల్లించి హక్కులు కొనుక్కుంది. ఓబీ చిట్టెలుకలకు లెప్టిన్ ఇస్తే నిజంగానే నాజూగ్గా తయారయ్యాయి. మరి మనుషుల్లో?

కొందరిలో అద్భుతంగా పనిచేసింది. 1997లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ వైద్యులు ఇద్దరు పిల్లల గురించి ప్రకటించారు. పాకిస్థానీ మూలాలున్న కుటుంబాల్లో, దగ్గరి బంధువులను పెళ్లాడిన దంపతులకు పుట్టిన పిల్లలు వాళ్లు. ఎనిమిదేళ్ల పాప 86 కిలోలు, రెండేళ్ల బాబు 29 కిలోలు. ఇద్దరిలోనూ లెప్టిన్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం ఎగిరిపోయింది. రక్తంలో లెప్టిన్ దాదాపు లేదు. అచ్చం ఓబీ చిట్టెలుకల్లాగే. లెప్టిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టాక ఆ పాప ఏడాదిలో 16 కిలోలకు పైగా తగ్గిందని 1999లో ప్రచురించారు. తిండి కోసం నిత్యం జరిగే గొడవలు ఆగిపోయాయి. అప్పటిదాకా ఆ తల్లిదండ్రులు ఎన్ని మాటలు పడి ఉంటారో ఊహించండి.

కానీ ఇలాంటి పిల్లలు ప్రపంచం మొత్తమ్మీద అత్యంత అరుదు. మామూలుగా లావైన పెద్దలకు లెప్టిన్ ఇచ్చి చూస్తే, మోతాదు బాగా పెంచిన కొద్దిమందిలో కొంత బరువు తగ్గింది తప్ప ఆశించినంత ఫలితం రాలేదు. కారణం అప్పటికే తేలింది. 1996లో ప్రచురించిన ఓ అధ్యయనంలో లావున్నవారి రక్తంలో లెప్టిన్ మామూలు బరువున్నవారికన్నా సగటున నాలుగు రెట్లు ఎక్కువగా కనబడింది! అలారం లేకపోవడం కాదు, రాత్రింబవళ్లు మోగుతోంది. మోగీ మోగీ ఇంట్లోవాళ్లు పట్టించుకోవడం మానేశారు. దీన్నే లెప్టిన్ రెసిస్టెన్స్ అంటాం. ఇందాక చెప్పుకున్న సాక్స్3 బ్రేకు దీనికి ఒక కారణమని పరిశోధకులు భావిస్తున్నారు.

ఇలాంటి జంతువు మన హైదరాబాద్‌లోనూ పుట్టింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో 1996లో తమంతట తాముగా ఊబకాయులయ్యే ఎలుకల జాతిని గుర్తించారు. వాటి రక్తంలో లెప్టిన్ ఎక్కువే, అయినా ఆకలి తగ్గదు. మన ఊబకాయాన్ని పోలినవి ఇవే అని మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది.

అది సన్నబరిచే జన్యువు కాదు

ఆ తర్వాతి పరిశోధనలు ఇంకో సంగతి చెప్పాయి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. లెప్టిన్ అసలు పని మనల్ని సన్నగా ఉంచడం కాదు, కరవు వచ్చిందని హెచ్చరించడం. కొవ్వు తగ్గి లెప్టిన్ పడిపోగానే మెదడు ‘కరవొచ్చింది’ అనుకుంటుంది. ఆకలి పెంచుతుంది. శరీరం ఖర్చుచేసే శక్తిని తగ్గిస్తుంది. పిల్లల్ని కనే ఏర్పాట్లను వాయిదా వేస్తుంది. పెళ్లి కోసమో, ఫొటోల కోసమో కడుపు మాడ్చుకునే అమ్మాయిలకు నెలసరి ఆగిపోవడానికి ఓ కారణం ఇదే.

నెల రోజుల్లో ఎనిమిది కిలోలు తగ్గి, ఆర్నెల్లలో పది కిలోలు పెరిగినవాళ్లు మీ బంధువుల్లో తప్పక ఉంటారు. వాళ్లకు పట్టుదల లేదనకండి. వాళ్లు పోరాడింది నాలుకతో కాదు, కరవుల్లో మన పూర్వీకులను బతికించిన ఓ ఏర్పాటుతో. ఆకలి చచ్చే కాలంలో అది వరం. ఫోన్ నొక్కితే పదిహేను నిమిషాల్లో బిర్యానీ గుమ్మంలోకి వచ్చే కాలంలో శాపం.

మరి కొత్త ఇంజెక్షన్లు?

సెమాగ్లూటైడ్ లాంటివి లెప్టిన్ మందులు కావు. అవి వెళ్లేది వేరే తలుపు గుండా. భోజనం చేశాక పేగు నుంచి వెలువడే జీఎల్‌పీ-1 అనే హార్మోనును అనుకరిస్తాయి. టిర్జెపటైడ్ దానితోపాటు జీఐపీ అనే ఇంకో హార్మోనునూ అనుకరిస్తుంది. ఒక తలుపు మొరాయించింది కాబట్టి పక్క తలుపు తట్టారన్నమాట.

ఫలితాలు గట్టివే. 2021లో ప్రచురించిన పరీక్షలో వారానికి 2.4 మిల్లీగ్రాముల సెమాగ్లూటైడ్ తీసుకున్నవారు 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గారు. ఉత్తుత్తి మందు తీసుకున్నవారు 2.4 శాతం తగ్గారు. కానీ మందు ఆపిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. కొవ్వు తగ్గితే శరీరం మొరాయిస్తుందని ఇందాక చెప్పుకున్నాం కదా. అందుకే ఇది పెళ్లికి ముందు మూడు నెలలు వాడి పారేసే మందు కాదు. బీపీ మాత్రలా దీర్ఘకాలం వాడాల్సి రావచ్చు. ఆ ఖర్చు, ఆ కాలం లెక్కేసుకున్నాకే మొదలుపెట్టాలి.

ఈమధ్య మా వార్డులో 24 ఏళ్ల అమ్మాయి చేరింది. పెళ్లికి రెండు నెలలుంది. బరువు తగ్గిస్తామన్న ఓ చోట ఎవరో ఇంజెక్షన్ పెన్ను చేతిలో పెట్టారట. చీటీ లేదు, రక్తపరీక్ష లేదు. త్వరగా తగ్గాలని తనంతట తానే మోతాదు పెంచుకుంది. నాలుగు రోజులు వాంతులతో నీరసించి, మూత్రం తగ్గిపోయి వచ్చింది. సెలైన్లతో కోలుకుంది. ఇంతకూ ఆమెకు ఆ మందు అవసరమే లేదు. బరువు 61 కిలోలు, ఎత్తుకు తగ్గట్టే ఉంది.

ఈ మందుల గురించి మీరు తెలుసుకోవాల్సినవి:

• సాధారణంగా బీఎంఐ 30 దాటినవారికి, లేదా 27 దాటి షుగర్, బీపీ వంటివి ఉన్నవారికి వీటిని ఆలోచిస్తాం. అందం కోసం కాదు.
• వికారం, వాంతులు, విరేచనాలు, మలబద్ధకం మామూలే. పిత్తాశయంలో రాళ్లు, క్లోమగ్రంథి వాపు అరుదుగా రావచ్చు. పొట్టలో భరించలేని నొప్పి వీపు వైపు పాకుతుంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.
• గర్భిణులు వాడకూడదు. పిల్లలు కావాలనుకుంటే సెమాగ్లూటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపాలి. కొత్తగా పెళ్లయ్యేవారికి ఈ మాట ఎవరూ చెప్పడం లేదు.
• ఎలుకల్లో ఈ మందులు థైరాయిడ్ కణితులు తెచ్చాయి. మనుషుల్లో అలా జరుగుతుందని రుజువు కాలేదు. అయినా మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ వచ్చినవారికి, అది కుటుంబంలో ఉన్నవారికి వీటిని ఇవ్వం.
• షుగరుకు ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటివి వాడుతుంటే షుగర్ మరీ పడిపోవచ్చు. మోతాదులు డాక్టరే సరిచేయాలి.
• ఆన్‌లైన్లో ‘లెప్టిన్’ పేరుతో అమ్మే మాత్రలు కొనకండి. లెప్టిన్ ఓ ప్రొటీను. మింగితే పప్పులోని ప్రొటీనులాగే అరిగిపోతుంది. అసలు లెప్టిన్ మందు ఇంజెక్షన్ రూపంలోనే ఉంది. ఒంట్లో కొవ్వు కణజాలమే లేని లైపోడిస్ట్రఫీ అనే అరుదైన జబ్బుకు దాన్ని అమెరికా 2014లో అనుమతించింది.

పిల్లల్లో ఎప్పుడు అనుమానించాలి?

లావుగా ఉన్న ప్రతి పిల్లవాడికీ జన్యుపరీక్ష అక్కర్లేదు. కానీ పుట్టినప్పుడు మామూలు బరువుండి, మొదటి రెండు మూడేళ్లలోనే విపరీతంగా పెరిగితే, ఎంత తిన్నా తీరని ఆకలితో చెత్తబుట్టలో తిండి కూడా వెతుక్కుంటుంటే, తరచూ ఇన్ఫెక్షన్లు వస్తుంటే, యుక్తవయసు లక్షణాలు రాకపోతే పిల్లల హార్మోన్ల నిపుణుల్ని కలవండి. తల్లిదండ్రులది మేనరికమైతే ఆ మాట తప్పక చెప్పండి. లెప్టిన్, లెప్టిన్ రిసెప్టర్ లోపాలు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు పాడైన ప్రతులు అందితేనే బయటపడతాయి. మేనరికాల్లో ఆ అవకాశం ఎక్కువ.

వార్త చదివేటప్పుడు...

‘ఎలుకల్లో జన్యువు దొరికింది’ అన్న వార్త మళ్లీ వస్తుంది. వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఆ ఎలుకలో చెడింది ఒక్క జన్యువేనా? మనకున్న సమస్య కూడా అదేనా? మనుషుల మీద పరీక్ష జరిగిందా, ఎంతమంది మీద? లెప్టిన్ కథలో మొదటి ప్రశ్నకు జవాబు అవును, రెండో దానికి కాదు. ఆ తేడా తెలియడానికి మనుషుల మీద పరీక్షలే కావలసివచ్చాయి. అంతమాత్రాన చిట్టెలుక వృథా కాలేదు. ఆకలి అనేది మెదడులో నడిచే ఓ లెక్క అని మనకు చెప్పింది అదే.

ఇక ఆ అబ్బాయి సంగతి. ఏడో ఏట నుంచే బరువు పెరిగాడు, ఎత్తు బాగానే ఉన్నాడు. జన్యులోపం అనుమానించే లక్షణాలేవీ లేవు. మెడ వెనక నల్లటి పొర మాత్రం ఉంది. ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి అది గుర్తు. ఏడింటికి స్కూలు బస్సు, రాత్రి తొమ్మిదిదాకా ట్యూషన్, పడుకునేది పన్నెండుకు. ఆటన్నది లేదు. సాయంత్రం ఆకలికి దొరికేవి బజ్జీలు, చిప్స్, కూల్‌డ్రింకులు. ఇందులో వాడు ఎంచుకున్నది ఏదన్నా ఉందా?

ఇంజెక్షన్ రాయలేదు. కూల్‌డ్రింకులు ఇంట్లోకి తేవడం మానేయమన్నాను, వాడొక్కడికే కాదు, అందరికీ. కంచంలో సగం కూరలు, ఆకుకూరలు ఉండాలి, అన్నం తగ్గి పప్పు, గుడ్డు, పెరుగు పెరగాలి. ఒక ట్యూషన్ మాన్పించి ఆ గంట గ్రౌండ్‌కు పంపమన్నాను. రాత్రి పదింటికల్లా దీపాలు ఆర్పమన్నాను. పెరిగే వయసు కాబట్టి బరువు ఇంకా పెరగకుండా నిలిపితే చాలు, ఎత్తు పెరిగేకొద్దీ సర్దుకుంటుంది.

చివరగా తండ్రితో ఒక్క మాట చెప్పాను. ‘వాడి కంచం వంక చూసి మాట అనడం ఆపండి. మాట పడ్డ పిల్లాడు తినడం మానడు, దాక్కుని తింటాడు.’ ఆయన ఏమీ అనలేదు. వెళ్లేటప్పుడు కొడుకు భుజం మీద చెయ్యి వేసి నడిపించుకెళ్లారు.

మీ ఇంట్లోనూ అలాంటి పిల్లలో, పెద్దవాళ్లో ఉంటే ఈ రాత్రి భోజనాల దగ్గర ఆ ఒక్క మాట మానేసి చూడండి. వైద్యం అక్కడి నుంచి మొదలవుతుంది.